జార్జ్ ఫోర్‌మన్: ఇరవై ఏళ్ళకు తిరిగి దక్కిన కిరీటం

జార్జ్ ఎడ్వర్డ్ ఫోర్‌మన్ (1949 జనవరి 10 – 2025 మార్చి 21) అమెరికాకు చెందిన ప్రఖ్యాత ముష్టియోధుడు. హెవీవెయిట్ విభాగంలో రెండు పర్యాయాలు ప్రపంచ విజేతగా నిలిచాడు. మొదటి కిరీటం 1973లో, 24వ ఏట లభించింది. దానిని మరుసటి సంవత్సరమే కోల్పోయి, మరో మూడేళ్ళకు ఆటనే విడిచిపెట్టి మతబోధకుడయ్యాడు. పదేళ్ళ తరువాత తిరిగి బరిలోకి దిగి, 1994లో 45వ ఏట రెండవసారి కిరీటం ధరించాడు. అంతటి వయసులో హెవీవెయిట్ విజేత అయినవాడు నాటికి మరొకడు లేడు. ఆ ఘనత నేటికీ అతనిదే.

బాల్యం

అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో, లూసియానా సరిహద్దుకు చేరువలో ఉన్న మార్షల్ పట్టణంలో ఫోర్‌మన్ జన్మించాడు. తల్లి నాన్సీ. ఏడుగురు పిల్లల సంసారం. బతుకుతెరువు కోసం కుటుంబం హ్యూస్టన్ నగరానికి తరలివెళ్ళి, ఫిఫ్త్ వార్డ్ అనే నల్లజాతి పేదల పేటలో స్థిరపడింది. రైల్వేలో కూలిపని చేసే జె.డి. ఫోర్‌మన్‌ను జార్జ్ తన తండ్రిగానే ఎరిగి పెరిగాడు. అతడు ఇంటిపట్టున ఉండేది తక్కువ, తాగుడుకు ఖర్చుపెట్టేది ఎక్కువ. తన కన్నతండ్రి వేరొకరన్న సంగతి జార్జ్‌కు పెద్దవాడైన తరువాతనే తెలిసింది.

సంసారభారమంతా తల్లి మీదనే పడింది. వంటపనితో పాటు దొరికిన పనల్లా చేసి ఆమె పిల్లలను సాకింది. ఒక్కొక్క రోజు ఒకే ఒక్క హాంబర్గర్ ఇంటికి తెచ్చి, దానినే ముక్కలు చేసి అందరికీ పంచేదట. బడికి తీసుకువెళ్ళడానికి అన్నం లేక, వాడిన కాగితపు సంచిలో గాలి నింపి, తోటిపిల్లల ముందు భోజనం తెచ్చినట్లు నటించేవాడినని ఫోర్‌మన్ పెద్దయ్యాక చెప్పుకున్నాడు. ఆకలి, అవమానం కలిసి ఆ బాలునిలో తీరని కోపంగా మారాయి. పదిహేనేళ్ళ ప్రాయానికే చదువు మానివేశాడు. వీధి తగాదాలతో మొదలై, దారిన పోయేవారి జేబులు దోచుకునే స్థితికి దిగజారాడు.

ఒకనాటి రాత్రి దోపిడీ చేసి పారిపోతూ, ఒక ఇంటి అడుగున ఉన్న ఖాళీలోకి దూరి దాక్కున్నాడు. పోలీసు కుక్కలు వాసన పట్టకుండా ఒంటికి బురద పులుముకుని నేల మీద పడుకున్నాడు. ఆ బురదలో ఉండగానే తాను దొంగనైపోయానన్న ఎరుక తొలిసారి కలిగిందని అతడు తరువాతి కాలంలో పలుమార్లు గుర్తుచేసుకున్నాడు.

దారి చూపిన పథకం

అధ్యక్షుడు లిండన్ జాన్సన్ ప్రభుత్వం పేదరిక నిర్మూలన కార్యక్రమంలో భాగంగా 1964లో ‘జాబ్ కోర్’ అనే పథకాన్ని నెలకొల్పింది. చదువు మానివేసిన పేద యువకులను శిబిరాలలో ఉంచి, భోజన వసతులు కల్పించి, చేతిపనులు నేర్పడం దాని ఉద్దేశం. టెలివిజన్‌లో ఆ ప్రకటన చూసిన జార్జ్ 1965లో అందులో చేరాడు. మొదట ఒరెగాన్ రాష్ట్రంలోను, తరువాత కాలిఫోర్నియాలోను ఉన్న శిబిరాలకు వెళ్ళాడు. మూడుపూటలా కడుపునిండా తినడం తనకు అక్కడే అలవడిందని చెప్పేవాడు.

కాని కోపం మాత్రం వెంటనే వచ్చింది. ప్రతివారితోను తగవు పెట్టుకునే నీవు ముష్టియోధుడవు ఎందుకు కారాదని తోటివారు ఎగతాళి చేశారు. ఆ మాట అతని మనసులో నాటుకుంది. కాలిఫోర్నియా శిబిరంలో డాక్ బ్రాడస్ అనే శిక్షకుడు ఈ భారీకాయుని గమనించాడు. పోట్లాడాలనే కోరిక ఉంటే చేతికి తొడుగులు వేసుకుని, నియమాలకు లోబడి పోరాడమని వ్యాయామశాలకు రప్పించాడు. మొదటి రోజులలో తనకంటె చిన్నవాని చేతిలో దెబ్బలు తిన్న జార్జ్, బలం వేరు, విద్య వేరు అని గ్రహించి సాధన మొదలుపెట్టాడు.

ఒలింపిక్ స్వర్ణం

ఫోర్‌మన్ 1968 నాటికే మెక్సికో నగరంలో జరిగిన ఒలింపిక్ క్రీడలకు ఎంపికయ్యాడు. అంతకు ముందు అతడు పాల్గొన్న పోటీలు బహు కొద్ది. అయినా ఫైనల్ వరకు సాగి, సోవియట్ యూనియన్‌కు చెందిన అనుభవజ్ఞుడు యోనాస్ చెపూలిస్‌ను రెండవ రౌండులోనే ఓడించి స్వర్ణపతకం సాధించాడు.

విజయానంతరం ఫోర్‌మన్ ఒక చిన్న అమెరికా జెండాను చేతబట్టి బరి నలుమూలలకూ తిరిగి వందనం చేశాడు. అవే క్రీడలలో కొద్దిరోజుల ముందు పరుగువీరులు టామీ స్మిత్, జాన్ కార్లోస్ నల్లజాతి ప్రజల హక్కుల కోసం పిడికిళ్ళెత్తి, ఒలింపిక్ గ్రామం నుండి వెళ్ళగొట్టబడ్డారు. అందువల్ల ఫోర్‌మన్ జెండా ఊపడాన్ని కొందరు శ్లాఘించగా, స్వజాతివారిలోనే పలువురు నిరసించారు. దేశం తనకు రెండవ అవకాశం ఇచ్చిందన్న కృతజ్ఞతతోనే అలా చేశానని, ఎవరికీ వ్యతిరేకంగా కాదని అతడు వివరించాడు. ఆ విమర్శ మాత్రం అతనిని చాలాకాలం బాధించింది.

తొలి కిరీటం

ఫోర్‌మన్ 1969 జూన్‌లో వృత్తి క్రీడాకారుడయ్యాడు. మాజీ ప్రపంచ విజేత సోనీ లిస్టన్‌తో కలిసి సాధన చేస్తూ, అతని మౌనాన్ని, ఉరిమిచూసే చూపును కూడా అలవరచుకున్నాడు. ఆరడుగుల మూడంగుళాలకు పైబడిన ఎత్తు, గొడ్డలివేటు వంటి కుడిచేతి దెబ్బ అతని ఆయుధాలు. మూడున్నర సంవత్సరాలలో 37 పోటీలాడి అన్నింటా గెలిచాడు. వాటిలో 34 నాకౌట్లు. దెబ్బతిని పడినవాడు పది లెక్కించేలోగా లేవలేకపోయినా, ఇక పోరాడజాలడని రెఫరీ పోటీని ఆపివేసినా దానిని నాకౌట్‌గా గణిస్తారు.

జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లో 1973 జనవరి 22న నాటి ప్రపంచ విజేత జో ఫ్రేజియర్‌తో ఫోర్‌మన్ తలపడ్డాడు. ఫ్రేజియర్ అప్పటివరకు ఓటమి ఎరుగడు. 1971లో మహమ్మద్ అలీనే ఓడించినవాడు. విజయం అతనిదేనని అత్యధికులు భావించారు. కాని రెండు రౌండులు ముగియకుండానే ఫోర్‌మన్ అతనిని ఆరుసార్లు నేలకూల్చాడు. రెఫరీ పోటీని నిలిపివేశాడు. తరువాత టోక్యోలో హోసే రోమన్‌ను మొదటి రౌండులోను, కరాకస్‌లో కెన్ నార్టన్‌ను రెండవ రౌండులోను ఓడించాడు. ఈ నార్టన్ కూడా అంతకు ముందు అలీని ఓడించినవాడే. ఫోర్‌మన్‌ను జయించగలవాడు లేడన్న అభిప్రాయం లోకమంతటా వ్యాపించింది.

కిన్షాసా పరాజయం

వియత్నాం యుద్ధానికి వెళ్ళడానికి నిరాకరించి 1967లో కిరీటం పోగొట్టుకున్న అలీ, దానిని తిరిగి పొందేందుకు ఫోర్‌మన్‌ను ఎదుర్కొన్నాడు. ఆఫ్రికాలోని జైరే (నేటి కాంగో ప్రజాస్వామ్య గణతంత్రం) అధ్యక్షుడు మొబుటు ఒక్కొక్కరికి 50 లక్షల డాలర్ల ప్రతిఫలంతో రాజధాని కిన్షాసాలో పోటీ ఏర్పాటు చేయించాడు. సాధనలో ఫోర్‌మన్ కంటిపై గాయం కావడంతో పోటీ అయిదు వారాలు వాయిదాపడింది. ఈ లోగా అలీ వీధులలో తిరిగి జనంతో కలిసిపోయాడు. ఫోర్‌మన్ మాత్రం ఒంటరిగా ముడుచుకుని ఉండేవాడు. పైగా వెంట ఒక జర్మన్ షెపర్డ్ కుక్కను తెచ్చుకున్నాడు. బెల్జియం పాలనలో పోలీసులు ప్రజలపైకి అటువంటి కుక్కలనే వదిలేవారు. ఆ సంగతి తెలియక చేసిన పనితో స్థానికులకు అతడు మరింత దూరమయ్యాడు.

పోటీ 1974 అక్టోబర్ 30 తెల్లవారుజామున జరిగింది. ఫోర్‌మన్ వయసు 25, అలీ వయసు 32. రెండవ రౌండు నుండి అలీ తాళ్ళకు ఆనుకుని, చేతులతో ముఖాన్ని కాచుకుంటూ, ప్రత్యర్థిని కొట్టనిచ్చాడు. ఆ వేడిలో బలమంతా కూడదీసి కొట్టిన ఫోర్‌మన్ చేతులు క్రమంగా బరువెక్కాయి. అంతకు ముందు పోటీలను రెండు మూడు రౌండులలోనే ముగించడం అలవాటైనవానికి దీర్ఘకాలం నిలకడగా పోరాడే అనుభవం కొరవడింది. ఎనిమిదవ రౌండు చివర అలీ ఒక్కసారిగా ముందుకు వచ్చి వరుస దెబ్బలతో అతనిని పడగొట్టాడు. ఫోర్‌మన్ జీవితంలో నాకౌట్ ద్వారా ఓడినది ఈ ఒక్క పోటీలోనే.

ఈ ఓటమిని అతడు చాలాకాలం జీర్ణించుకోలేకపోయాడు. తాళ్ళు వదులుగా ఉన్నాయని, రెఫరీ తొందరగా లెక్కించాడని, తాగేనీటిలో ఏదో కలిపారని కారణాలు వెదికాడు. ఆ రాత్రి తనకంటె మెరుగైనవాడే గెలిచాడని ఒప్పుకోవడానికి అతనికి ఏళ్ళు పట్టింది. తరువాత ఇద్దరూ ఆప్తమిత్రులయ్యారు. ఈ పోటీపై తీసిన డాక్యుమెంటరీ చిత్రానికి 1997లో ఆస్కార్ బహుమతి వచ్చినపుడు, పార్కిన్సన్ వ్యాధితో వణుకుతున్న అలీని ఫోర్‌మనే చేయిపట్టి వేదిక మెట్లు ఎక్కించాడు.

బరి నుండి వేదికకు

ఓడినవాడు తిరిగి అలీని ఢీకొనాలన్న పట్టుదలతో 1976లో రాన్ లైల్‌ను, ఫ్రేజియర్‌ను ఓడించాడు. కాని 1977 మార్చి 17న ప్యూర్టోరికోలోని శాన్ హువాన్‌లో జిమ్మీ యంగ్ చేతిలో న్యాయనిర్ణేతల తీర్పుతో పరాజయం పాలయ్యాడు. విపరీతమైన ఉక్కలో 12 రౌండులు పోరాడిన అతడు బట్టలు మార్చుకునే గదిలో సొమ్మసిల్లాడు. ప్రాణం పోతున్నదని, చీకటి శూన్యంలోకి జారిపోతున్నానని అనిపించి, దైవాన్ని తలచుకున్నానని, ఆ క్షణాన కొత్త మనిషిగా లేచానని అతడు చెప్పాడు. ఎండదెబ్బ వల్ల కలిగిన భ్రాంతి అని ఇతరులు భావించినా, ఫోర్‌మన్ తన మాట మార్చలేదు.

అప్పటి నుండి పదేళ్ళపాటు చేతికి తొడుగు తొడగలేదు. హ్యూస్టన్ వీధి మలుపులలో నిలబడి బోధించాడు, ఒక చిన్న చర్చిని స్థాపించి అక్కడ బోధకుడయ్యాడు. తల గొరిగించుకుని, బరువు పెరిగిన ఆ మనిషి ఒకనాటి ప్రపంచ విజేత అని చాలామంది ఆనవాలు పట్టలేకపోయేవారు.

ఆ రోజులలోనే ఒక తల్లి తన కుమారుని దారిలో పెట్టమని కోరితే, అది బోధకుని పని కాదని ఫోర్‌మన్ ఊరకున్నాడు. కొంతకాలానికే ఆ బాలుడు దోపిడీకి పాల్పడి జైలుపాలయ్యాడు. ఒకప్పుడు బురదలో దాగిన తన్ను ఎవరో చేయిపట్టి లేపారు, తాను మాత్రం ఆ పని చేయలేకపోయానన్న బాధ అతనిని వెంటాడింది. 1984లో హ్యూస్టన్‌లో యువజన కేంద్రాన్ని ప్రారంభించి, పేటలోని పిల్లలకు ఆటలకు, వ్యాయామానికి చోటు కల్పించాడు.

పునరాగమనం

కేంద్రం నడపడానికి దాచుకున్న సొమ్ము ఖర్చవుతూ వచ్చింది. ఒకచోట బోధకు వెళ్ళినపుడు, నిర్వాహకులు అతని కేంద్రం కోసం సభలో పదే పదే చందాలు అడగడం విని ఫోర్‌మన్ తలవంచుకున్నాడు. ఇక ఎవరినీ యాచించరాదని, తనకు వచ్చిన విద్యతోనే సంపాదించాలని ఆనాడే నిర్ణయించుకున్నాడు.

కాలిఫోర్నియాలోని శాక్రమెంటోలో 1987 మార్చిలో అతడు తిరిగి బరిలోకి దిగాడు. వయసు 38, బరువు 120 కిలోల పైమాట. చూసినవారు నవ్వారు. బలహీనులైన ప్రత్యర్థులనే ఎంచుకుంటున్నాడన్న విమర్శలో కొంత నిజం లేకపోలేదు. ఫోర్‌మన్ ఆ నవ్వులకు కోపగించుకోలేదు. తన వయసు మీద, తిండి మీద తానే హాస్యమాడి జనాన్ని నవ్వించాడు. ఒకనాడు పలకరిస్తే గుర్రుమని చూసిన మనిషిలో వచ్చిన ఈ మార్పే పలువురిని ఆశ్చర్యపరచింది. ఆటలోను మార్పు వచ్చింది. మొదటి రౌండులలోనే బలం వెచ్చించక, నిదానంగా అడుగులు వేస్తూ, సూటి ఎడమచేతి దెబ్బతో ప్రత్యర్థిని అలసింపజేయడం నేర్చాడు.

అట్లాంటిక్ సిటీలో 1991 ఏప్రిల్ 19న ప్రపంచ విజేత ఎవాండర్ హోలీఫీల్డ్‌ను ఎదుర్కొన్నాడు. 28 ఏళ్ళ విజేతతో 42 ఏళ్ళ ఫోర్‌మన్ 12 రౌండులు నిలిచి పోరాడాడు. తీర్పులో ఓడినా, నవ్వినవారంతా ఆ రాత్రి లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. 1993 జూన్‌లో టామీ మోరిసన్ చేతిలోనూ ఓడడంతో ఇక అతని కథ ముగిసిందనే అందరూ అనుకున్నారు.

రెండవ కిరీటం

హోలీఫీల్డ్‌ను 1994 ఏప్రిల్‌లో ఓడించి విజేత అయిన మైకేల్ మూరర్, తన కిరీటానికి పోటీదారుగా ఫోర్‌మన్‌ను అంగీకరించాడు. వయసు మీరినవాడిని బరిలోకి అనుమతించడానికి ఒక నిర్వహణ సంస్థ వెనుకాడగా, ఫోర్‌మన్ న్యాయస్థానాన్ని ఆశ్రయించి తన హక్కును నిలబెట్టుకున్నాడు.

పోటీ 1994 నవంబర్ 5న లాస్ వేగాస్‌లో జరిగింది. మూరర్ వయసు 26. ఎడమచేతివాటం యోధుడు. 35 పోటీలలో ఒక్కటీ ఓడలేదు. ఫోర్‌మన్ ఇరవై ఏళ్ళ క్రితం కిన్షాసాలో ధరించిన ఎర్ర లాగునే ఆ రాత్రీ ధరించాడు. నాడు అలీ పక్షాన నిలిచిన శిక్షకుడు ఏంజెలో డండీ ఈసారి ఫోర్‌మన్ పక్షాన ఉన్నాడు.

తొమ్మిది రౌండుల వరకు ఆధిక్యం మూరర్‌దే. ముగ్గురు న్యాయనిర్ణేతల లెక్కలోను అతడే ముందున్నాడు. ఫోర్‌మన్ ముఖం వాచింది. అయినా అతడు ఎడమచేతి దెబ్బలు వేస్తూ ఓపికగా ముందుకే జరిగాడు. పదవ రౌండులో మూరర్ తనకు ఎదురుగా ఒక్క క్షణం నిలిచాడు. ఫోర్‌మన్ కుడిచేతి దెబ్బ సూటిగా గడ్డానికి తగిలింది. మూరర్ వెల్లకిల పడ్డాడు, పది లెక్కించేసరికి లేవలేకపోయాడు. ఫోర్‌మన్ తన మూలకు వెళ్ళి మోకరిల్లి ప్రార్థించాడు. అప్పటివరకు హెవీవెయిట్ కిరీటం గెలిచినవారిలో పెద్దవాడు 1951లో 37వ ఏట గెలిచిన జెర్సీ జో వాల్‌కాట్. ఆ రికార్డు ఎనిమిదేళ్ళ తేడాతో చెరిగిపోయింది.

చివరి పోటీలు

కిరీటం నిలుపుకొనే పోటీలో 1995 ఏప్రిల్‌లో జర్మనీకి చెందిన ఆక్సెల్ షుల్జ్‌పై ఫోర్‌మన్ స్వల్ప తేడాతో గెలిచాడు. ఆ తీర్పు న్యాయం కాదని అనేకులు ఆక్షేపించారు. నిర్వహణ సంస్థలు కోరిన ప్రత్యర్థులతో ఆడక అధికారిక బిరుదులను వదులుకున్నాడు. చివరి పోటీ 1997 నవంబర్ 22న షానన్ బ్రిగ్స్‌తో జరిగింది. ఈసారి వివాదాస్పద తీర్పు అతనికి ప్రతికూలమైంది. 48 ఏళ్ళ ఫోర్‌మన్ చిరునవ్వుతోనే ఆ ఓటమిని స్వీకరించాడు.

మొత్తం 81 పోటీలలో 76 విజయాలు, వాటిలో 68 నాకౌట్లు, 5 పరాజయాలు. ఇది అతని వృత్తి జీవితపు లెక్క. 2003లో అంతర్జాతీయ బాక్సింగ్ కీర్తి మందిరంలో స్థానం లభించింది. పలు సంవత్సరాలు టెలివిజన్ వ్యాఖ్యాతగా కూడా పనిచేశాడు.

వ్యాపారం, కుటుంబం

మాంసం కాల్చేటప్పుడు కొవ్వు కిందికి కారిపోయేలా వాలుగా అమర్చిన విద్యుత్ పెనం ఒకటి 1994లో అతని పేరుతో విపణిలోకి వచ్చింది. దానిని కనిపెట్టినది ఫోర్‌మన్ కాదు. పేరు, నవ్వుముఖం అతనివి. అమ్మకం పది కోట్లు దాటింది. ఆ పేరును శాశ్వతంగా వాడుకునే హక్కు కోసం తయారీ సంస్థ 1999లో 13 కోట్ల 75 లక్షల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకుంది. బరిలో దెబ్బలు తిని సంపాదించినదానికంటె ఈ పెనం మీద వచ్చినదే ఎక్కువ. ఒక్క హాంబర్గర్‌ను ముక్కలుగా పంచుకుని తిన్న ఇంటి బాలుడు వంటింటి వస్తువుతోనే ధనవంతుడయ్యాడు.

ఫోర్‌మన్ తన అయిదుగురు కుమారులకూ జార్జ్ అనే పేరే పెట్టాడు. ఒక కుమార్తె పేరు కూడా జార్జెట్టా. దీని గురించి అడిగినవారికి, తలకు ఇన్ని దెబ్బలు తిన్నవాడు ఇంకెన్ని పేర్లు గుర్తుంచుకోగలడని హాస్యమాడేవాడు. అసలు కారణం వేరు. తన తండ్రి ఎవరో తెలియకుండా పెరిగిన తనకు కలిగిన వెలితి పిల్లలకు కలుగరాదని, వారు ఎక్కడున్నా తండ్రి పేరు వారితో ఉండాలని అతని కోరిక.

ఫోర్‌మన్ 2025 మార్చి 21న, 76వ ఏట, హ్యూస్టన్‌లో కన్నుమూశాడు. కిన్షాసా పోటీలో తలపడిన ఇద్దరిలో అలీ 2016లోనే మరణించాడు. ప్రపంచ విజేతగా పేరు మార్మోగిన తరువాత కూడా, ఆదివారాలలో హ్యూస్టన్‌లోని తన చిన్న చర్చిలో బోధించడాన్ని ఫోర్‌మన్ మానలేదు. తనకు రెండవ అవకాశం దొరికింది గనుక మరొకరికి దానిని చూపించడమే తన పని అని అతడు నమ్మాడు.